మా ఆవిడ పోట్లాట మానేసింది

నాకు పార్కిన్సన్స్ అని తేలిన రోజు డాక్టరు రెండు ముక్కలు చెప్పాడు. మందులు వేళ తప్పకూడదు, మనసుకు ఒత్తిడి ఉండకూడదు. మొదటిది నేను విన్నాను. రెండోది మా వాళ్లందరూ విన్నారు. అప్పట్నుంచి నా ఒత్తిడి తగ్గించే పనిలో పడి నా ప్రాణం తోడేస్తున్నారు.

నేను కారు డ్రైవింగ్ నేర్పేవాణ్ణి. బ్రేకు తొక్కవయ్యా అంటే యాక్సిలరేటర్ తొక్కే మహానుభావుల పక్కన కూర్చుని బతికి బట్టకట్టినవాణ్ణి. ఒత్తిడి గురించి నాకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా బావమరిది రోజూ ఫోన్ చేసి "బావా, అస్సలు టెన్షన్ పడకు" అంటాడు. ఎలా పడకూడదో మాత్రం చెప్పడు. మా అమ్మాయి నా ఫోన్‌లో ఏదో పెట్టింది. అది ఉండుండి "ఊపిరి పీల్చండి" అంటుంది. ఇన్నాళ్లూ దాన్ని అడిగే పీల్చానా? చొక్కా గుండీతో నేను కుస్తీ పడుతున్నప్పుడే దానికి నా ఊపిరి గుర్తొస్తుంది.

ఇవన్నీ ఎలాగో భరిస్తున్నాను. మా ఆవిడ పోట్లాట మానేసింది, అదే భరించలేకపోతున్నాను.

మా సంసారం నడిచిందే పోట్లాట మీద. పొద్దున తడి తువ్వాలు మంచం మీద వేశానని మొదలయ్యేది, మధ్యాహ్నానికి మా మేనత్త గుణగణాల దాకా వెళ్లేది. ఆవిడ ఒకటంటే నేను రెండనేవాణ్ణి. సాయంత్రానికి ఇద్దరం అలిసిపోయి, ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగేవాళ్లం. అందులో ఎంత సుఖం ఉందో అది పోయాక తెలిసింది.

ఇప్పుడు తడి తువ్వాలు మంచం మీద వేస్తే మారుమాట లేకుండా తీసి ఆరేస్తుంది. కావాలని మళ్లీ వేశాను. మళ్లీ ఆరేసింది. వీధి తలుపు బార్లా తెరిచిపెట్టి వెళ్లాను, వచ్చేసరికి మూసి ఉంది. ఆఖరికి బ్రహ్మాస్త్రం తీశాను. "ఎంతైనా మీ అక్క వంటే వంట" అన్నాను. నా మొహంలోకి కాసేపు చూసి "అవునండీ" అంది. అవునట! ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది. నా పెళ్లాన్ని ఎవరో ఎత్తుకుపోయి, ఒక మర్యాదస్తురాలిని ఇంట్లో వదిలి వెళ్లారనిపించింది.

ఆ మర్యాదస్తురాలు ఉన్నట్టుండి నన్ను నవ్వుల క్లబ్బులో చేర్పించింది. పొద్దున్నే పార్కులో అందరూ గుండ్రంగా నిలబడి, ఎవరూ ఏమీ అనకుండానే నవ్వుతారు. నవ్వు నేర్పడానికి ఒక మాస్టారు, ఆయన మెడలో ఒక విజిలు. "చేతులు పైకి, హహహ! చేతులు కిందికి, హోహోహో!"

ఈ జబ్బులో చెయ్యి వణకడం అందరికీ కనిపిస్తుంది. మొహం బిగుసుకుపోవడం ఎవరికీ తెలియదు. లోపల నవ్వు పొంగుతున్నా బయటికి నా మొహం మూసేసిన కొట్టులా ఉంటుంది. గొంతు కూడా పీలగా అయిపోయింది. ఈ సంగతే మాస్టారుకి చెబితే "అంతా మనసులోనే ఉంటుంది సార్, ఓపెన్ అవ్వండి" అన్నాడు. ఓపెన్ అవడానికి నేనేమన్నా డబ్బానా?

ఒకరోజు ఆయన పంతం పట్టి నా ఎదురుగా వచ్చి నిలబడి నవ్వాడు. నేను చూశాను. ఇంకా గట్టిగా నవ్వాడు. చూస్తూనే ఉన్నాను. ఆయన పొట్ట ఎగిరెగిరి పడుతోంది, దాని మీద విజిలు గంతులేస్తోంది. నిజం చెప్పొద్దూ, లోపల నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నాను. ఆయనకు మాత్రం లైసెన్సు ఇవ్వననే ఆఫీసరు మొహం కనిపించి ఉంటుంది. ఆయన నవ్వు టక్కున ఆగిపోయింది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే ఆగిపోయారు. మాస్టారు మా ఆవిడను పక్కకు పిలిచి "కొన్నాళ్లు సార్‌ని తీసుకురాకండమ్మా. ఆయన్ని చూస్తుంటే మా మెంబర్లకి నవ్వు రావట్లేదు" అన్నాడు.

ఇంటికొచ్చాం. గడప దాటగానే నేనే అడిగేశాను.

"నాతో పోట్లాడవేం?"

"ఏంటండీ?"

"డాక్టరు ఒత్తిడి వద్దన్నాడనేగా? ఈ నిశ్శబ్దాన్ని మించిన ఒత్తిడి నాకు ఇంకోటి లేదు. తిట్టు. నేనేం పగిలిపోను."

"డాక్టరు చెబితే మానేసేదాన్నా నేను?" అంటూ కుర్చీలో కూలబడింది. "ఎవరితో పోట్లాడమంటారు? ఒకప్పుడు తిడితే మూతి ముడిచేవారు. వెక్కిరిస్తే నవ్వొచ్చి అటు తిరిగేవారు. అది చూసే కదా రెచ్చిపోయేదాన్ని! ఇప్పుడు ఏమన్నా ఒకటే చూపు. మా అక్క వంట సంగతి ఎత్తారే, ఆ రోజు ఒళ్లు మండిపోయింది. తీరా మీ మొహం చూస్తే, నిజంగానే అంటున్నారేమో అనిపించింది. ఇన్నేళ్లకి నా మీద విసుగు పుట్టిందేమో అనుకున్నా. అక్కడైనా ఒక్కసారి నవ్వుతారేమో చూద్దామని ఆ వెర్రి క్లబ్బుకి తీసుకెళ్లాను." అంటూనే ఏడ్చేసింది.

నేను ఆవిడ కోసం వెతుక్కుంటూ తువ్వాళ్లు పారేస్తుంటే, ఆవిడ అవి ఆరేస్తూ నా కోసం వెతుక్కుంటోంది.

"నవ్వుతూనే ఉన్నానే. లోపల," అన్నాను.

"లోపలి సంగతి నాకెలా తెలుస్తుంది, రోజూ స్కానింగ్ తీయించనా? నోరుందిగా. నవ్వొస్తే నవ్వొచ్చిందని చెప్పండి. కోపమొస్తే కోపమొచ్చిందని చెప్పండి."

"ఇప్పుడు ఏడుపొస్తోంది."

"ఏంటి? వినపడట్లేదు. గట్టిగా."

ఉన్న గొంతంతా కూడగట్టుకుని అరిచాను. "ఏడుపొస్తోందే! నువ్వు తిట్టకపోతే నాకు దిక్కులేనట్టుందే!" ఎంత అరిచినా, పక్కవాణ్ణి టైమెంత అని అడిగినట్టే వచ్చింది. ఆ మాట గది దాటి కూడా వెళ్లి ఉండదు.

మా ఆవిడ గబుక్కున లేచి, కొంగుతో కళ్లు తుడుచుకుని, వీధి వైపు కిటికీ ధనామని మూసేసింది.

"సిగ్గు లేకపోతే సరి," అంది. "నెమ్మదిగా ఏడవండి. వీధి వీధంతా వినాలా?"