కలుపు తీయకుండా కోత

మా ఇంట్లో ఎవరైనా పాట ఎత్తుకుంటే చివరిదాకా ఒక్కరినే పాడనివ్వరు. ఊళ్లో నాట్లప్పుడు మా అవ్వ ముందు పాడేది, మిగతా ఆడవాళ్లు వంత పాడేవాళ్లు. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. గల్ఫుకు, ఈ కల్బాకు వచ్చాక వంతకు మనుషులెక్కడ? బాపు బట్టలు కుట్టే కొట్టు, దాని వెనక మా ఒక్క గది. బాపు మిషను తొక్కుతూ దరువు వేస్తాడు, నేను కాజాలు కుడుతూ పాడతాను, అవ్వ వంట చేస్తూ మధ్యలో దూరుతుంది. "గొంతు లేపు వజ్రా!" "ఆ మాట అంత సాగదియ్యకు." "పప్పుల ఉప్పేసిన్నా?" అన్నీ ఒకే శ్రుతిలో.

నాకు నలుగురిలో నోరు పెగలదు. ఊళ్లో ఎనిమిదో తరగతి దాకా చదివాను. సారు ప్రశ్న అడిగితే జవాబు తెలిసి కూడా నేల చూసేదాన్ని. చెప్పలేనివన్నీ డైరీలో రాసుకుంటాను. బాపు మమ్మల్ని తీసుకురాకముందు ఇక్కడ ఒక్కడే ఉన్న ఏళ్లను తలచుకుని అందులోనే ఒక పాట కట్టాను.

నారు పోసిన నాడు నువ్వు మోటరెక్కితివి
నాటు వేసిన నాడు నీ జాబు రాకపాయె
కలుపు తీసిన నాడు కలలోన అగుపిస్తివి
కోత కోసిన నాడు కొత్త బట్టలంపితివి

అది విని బాపు మిషను ఆపేశాడు. ఊళ్లో నాయినమ్మకు చదువు రాదు కాబట్టి జాబులకు బదులు క్యాసెట్టులో మాట్లాడి పంపిస్తాం. "ఈసారి దీని పాట పంపుదం" అన్నాడు బాపు.

టేపు తిరుగుతుంటే పాడాను. అవ్వ ఊరుకుంటేనా? మొదటి చరణం కాగానే, "అత్తా, బర్రె ఈనిందా?" అంది. ఇంకాస్త పాడగానే, "దీనికి సిగ్గెక్కువ అత్తా, గట్టిగ పాడుమంటే పాడది" అని చాడీలు. అన్నీ టేపులోకి ఎక్కాయి.

ఆ క్యాసెట్టును సెలవుకు ఊరు పోతున్న రాజేశ్వర్ మామకు ఇచ్చాం. ఆయనది ఈ దేశంలోనే దూరాన ఉన్న రువైస్‌లో పని. విమానం ఎక్కేలోపు పనివాళ్ల క్యాంపులో అందరికీ వేసి వినిపించాడట. ఒకరు కాపీ తీసుకున్నారు, దాన్నుంచి ఇంకొకరు. చివరికి ఒక కాపీ డేరా అనే పేటలో క్యాసెట్ల దుకాణం ఉన్న చాంద్ బాషాకు చేరింది. ఆయన ఒక మనిషితో మాకు కబురు పెట్టాడు. "మీ ఊరి పాత పాట మస్తున్నదట. రమ్మంటున్నడు, రికార్డు చేస్తడట."

పాత పాట! నెల రోజులు కొట్టివేతలతో నా డైరీ ఖరాబైతే, అది పాత పాట!

బాపు కొట్టు మూశాడు. కొండలు దాటి డేరా పోయాం. దుకాణం వెనక గదిలో చప్పుడు రాకుండా గోడల నిండా కంబళ్లు కొట్టారు. చాంద్ బాషాది కడప. చాయ్ ఇచ్చి, "అట్ట మీద పల్లె పాట అని వేస్తా, ఖలాస్. ఇవన్నీ తాతల నాటివి, ఎవరు కట్టినారో ఎవరికి తెలుసు?" అన్నాడు.

బాపు వైపు చూశాను. మొహమాటంతో తల ఊపాడు! అవ్వ వైపు చూశాను. ఆమె ఒక కంబళి అంచు పట్టి చూస్తోంది. "మంచి కంబళ్లు, మేకులు కొట్టి ఆగం జేసిండ్రు" అంది నా చెవిలో. నేను కట్టాను. చెప్పాల్సినవి ఈ రెండు మాటలే. అవి గొంతు దాటలేదు.

"ఇంకో మాట చెల్లెమ్మా" అన్నాడు చాంద్ బాషా అవ్వతో. "ఆ క్యాసెట్టులో మాదిరే మధ్యలో నువ్వు మాట్లాడాల. బర్రె సంగతో, ఇంకోటో. రువైసోళ్లకు అదే కావాల."

నాకు ఒళ్లు మండింది. పాట తాతలది, మెప్పు బర్రెది. మరి నేనెందుకు వచ్చినట్టు?

ఎర్ర లైటు వెలిగింది. పాడాను. అవ్వ నోరు విప్పలేదు. పుట్టి బుద్ధెరిగాక నా ఏ పాటనూ సాఫీగా పోనివ్వని మనిషి, మాట్లాడమంటే మైకు వైపు బిక్కమొహం వేసుకుని చూసింది.

"మాట్లాడు చెల్లెమ్మా."

"ఏం మాట్లాడాలె?"

"ఏదైనా."

"ఏదైనా అంటే ఏది?"

మళ్లీ పాడాను. ఈసారి దగ్గింది. దగ్గినందుకు మైకుకు దండం పెట్టింది.

"బర్రె సంగతి అడగరాదే" అని బాపు గుసగుసలాడాడు.

"ఎవలను అడగాలె? మీ అవ్వ ఈడుందా?"

చాంద్ బాషా మొహం చిట్లించాడు. "యల్లా, కానీయండి, ఆఖరుసారి. కాకుంటే ఇంకో దినం చూద్దాం."

బాపు మళ్లీ కొట్టు మూయడు. ఇంకో దినం రాదని నాకు తెలుసు. అవ్వకు మాట్లాడమంటే చేతకాదు, కానీ తప్పు వింటే మాత్రం ఊరుకోదు. అది తట్టగానే నాటు చరణం అయ్యీ కాకముందే ఎత్తుకున్నాను.

కోత కోసిన నాడు...

"ఆగే ఆగే! కలుపు తియ్యకుంటనే కోతకొచ్చిందా? నువ్వు కట్టిన పాట నువ్వే తప్పు పాడితే ఎట్లనే? పొద్దుమాపు డైరీల గీకుడేనాయె, గీ పాటి యాదికి లేదా?"

నేను ఆగలేదు. కలుపు చరణం అందుకున్నాను. అవ్వ మైకు సంగతే మరిచి వంత పాడింది. బాపు బల్ల మీద దరువు వేశాడు. అట్లాగే చివరిదాకా పోయింది.

టేపు ఆపి చాంద్ బాషా నా వైపు తిరిగాడు. "నువ్వు కట్టినావా బేటీ?"

నేల చూశాను. "టేపుల ఉన్నది కదా" అన్నాను.

అవ్వ మాటలు తీసేస్తే అమ్ముడుపోదు. ఉంచితే తాతలది అనడానికి లేదు. చాంద్ బాషా గడ్డం గోక్కుని, అట్ట మీద నా పేరు రాశాడు.

క్యాసెట్టు బాగా అమ్ముడుపోయింది. రువైస్‌లో ఎవరైనా పని తొందర పెడితే, "కలుపు తియ్యకుంటనే కోతా?" అంటున్నారట. కల్బా బజారులో మావాళ్లు అవ్వను గొంతు బట్టి పోలుస్తున్నారు. "ఆ తిట్టినమ్మవు నువ్వేనా?" అంటే, "పాట మా పిల్లది, తిట్టు నాది" అంటుంది గర్వంగా.

మొన్న చాంద్ బాషా మళ్లీ కబురు పెట్టాడు. "కొత్త పాట కట్టమను. తప్పు ఎక్కడ పాడతాదో ముందే చెప్పమను."

పాట కట్టడమే కష్టమనుకుంటే, ఇప్పుడు తప్పు కూడా కట్టాలి! పైగా అవ్వ జాగ్రత్తపడింది. ఇంకెన్ని తప్పులు పాడినా నోరు మెదపనని ఒట్టు వేసింది.

సరే. ఈసారి దర్జీ పాట కట్టాను. మొదటి చరణంలోనే కొలతలు తీసుకోకుండా గుడ్డ కత్తిరించేశాను. బాపు ఎంతసేపు ఊరుకుంటాడో చూస్తాను.