తారు పూసిన ముళ్ళు

కొత్త పార్కు తెరిచిన తొలిరోజే కాపలావాడు ముసలి అత్తను రెక్క పట్టుకుని బల్ల మీంచి లాగేశాడు. "చేపల కంపు! పెద్దమనుషులు కూర్చునే చోటిది. నడు!" ఆమె మోకాళ్ళ మీద పడింది. కోడలు కళ్ళారా చూసింది.

ఆ బల్ల ఉన్నచోటే కోడలి మొగుడి కాల్లో తుప్పు ఇనుము దిగింది. పార్కు కాకముందు అది ఇరవై ఏళ్ళుగా పాడుబడ్డ ఐసు ఫ్యాక్టరీ. "సముద్రం ఒడ్డున అందరికీ పార్కు, మీకు వలలు ఆరేసుకునే చోటు" అని కాంట్రాక్టరు తియ్యగా చెబితే, వలలు అల్లే నలభై ఇళ్ళవాళ్ళూ ఒట్టిచేతులతో గాజుపెంకులు ఏరారు. ధనుర్వాతం కమ్మి మూడోరోజుకే మొగుడు పోయాడు. కాంట్రాక్టరు తొంగి చూస్తే ఒట్టు, పాపిష్ఠివాడు!

పార్కు చుట్టూ ఉన్న తాళ్ళ వలకంచె కట్టిందీ వీళ్ళే. పశువులు రాకుండా అన్నారు కదా అని, పనితనం చూపించుకోవాలని, స్తంభం స్తంభానికీ ముడి మీద ముడి వేసి బిగించి, ఆ ముళ్ళు ఊడకుండా తారు కూడా పూశారు. తమనే బయట పెట్టడానికని ఒక్కరికీ తట్టలేదు.

ఆ సాయంత్రం ఇసుకలో అందరూ కూడారు.

"కత్తులు తెండి, ముక్కలు చేసేద్దాం!" అన్నాడు పడవల వడ్రంగి.

"వలకి కత్తి పెట్టడం మన ఇంటావంటా ఉందా?" కోడలు కస్సుమంది. "మనం కట్టాం, మనమే విప్పుదాం. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా."

"తారు ముళ్ళే పిల్లా! పూట పడుతుంది. ఈలోగా పోలీసులు దిగరూ?" అన్నాడు వడ్రంగి.

"దిగనీ. నా మొగుణ్ణి మింగిన చోట మా అత్త కూర్చోకూడదా? నేను వెళ్తున్నా. వచ్చేవాళ్ళు రండి."

మర్నాడు నలభైమంది ఆడవాళ్ళు స్తంభానికొకరు కూర్చున్నారు. గోళ్ళు ఊడి నెత్తురు కారింది. పదకొండు స్తంభాల దగ్గర వల జారాక వ్యాను వచ్చింది.

"చెయ్యి తియ్!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కోడలు తియ్యలేదు. లాఠీ వేళ్ళ మీద పడింది. మళ్ళీ పడింది. ఎముకలు విరిగిన చప్పుడు పక్క స్తంభం దాకా వినబడింది. ఆ వేళ్ళతోనే కదా ఆమె ఇల్లు గడిచేది! జుట్టు పట్టి ఈడ్చుకుపోయి వ్యానులో పడేశారు.

ఖాళీ అయిన చోటికి అత్త పాక్కుంటూ వచ్చి ముడి పట్టుకుంది. షికారుకొచ్చి అంతసేపూ చూస్తూ నిలబడ్డ కాలేజీ పిల్ల ఒకతి ఆమె పక్కన చతికిలబడింది.

"ఈ ముడి నాకు రాదు. ఎలా విప్పాలి?"

"ఎడం పోగు ముందు లాగమ్మా!" వ్యానులోంచి కోడలు కేక పెట్టింది. "తర్వాత కిందిది! గట్టిగా!"

లాఠీలు మళ్ళీ లేచాయి. షికారుకొచ్చిన వాళ్ళలో మరో నలుగురు వచ్చి వల పట్టుకున్నారు.