పొడుగు తాడు

మేస్త్రీ ఎన్నడూ లేనిది సేఫ్టీ బెల్టు కొన్నాడని విని అతని చెల్లెలు మురిసిపోయింది. ఆమె మొగుడు ఆ అన్నగారి దగ్గరే ఇళ్ల గోడలకు రంగులు వేస్తాడు మరి. అన్నం క్యారేజీతో పనిచోటుకు వచ్చి తల పైకెత్తేసరికి ఆ మురిపెం కాస్తా ఆవిరైపోయింది.

మొదటి అంతస్తు కిటికీ బయట, సన్‌షేడ్ మీద మొగుడు నిలబడి ఉన్నాడు. ఒంటికి కొత్త బెల్టు. దాని వెనక నుంచి దిగిన తాడు అతని పాదాల దగ్గర ఇనుప కమ్మీకి కట్టి ఉంది. మధ్యలో మిగిలిన తాడంతా కిందికి ఉయ్యాలలా వేలాడుతోంది.

"కొంచెం నవ్వు బావా! ఓనరుకు ఫొటో పంపాలి," అని కిందినుంచి మేస్త్రీ కేకేశాడు.

"అన్నయ్యా, అంత పొడుగు తాడెందుకు?"

"పొట్టిదైతే బావ అటూ ఇటూ కదల్లేడమ్మా. అందుకే నేనే ఇంకో ముక్క కలిపాను. నీ మొగుడి దగ్గర పిసినారితనం చేస్తానా?"

"ఆయన పడితే ఇది బిగుసుకునేలోపే నేల తగులుతుంది!"

"శుభమా అని పని మొదలెడితే ఏం మాటలవి? పో, అన్నం పెట్టు."

ఆమె క్యారేజీతో మేడెక్కింది. మొగుణ్ణి లోపలికి రమ్మంది. తుమ్మాలన్నా మేస్త్రీ మొహం చూసే మనిషి, ఆ పూట పెళ్లాం మొహం చూసి వచ్చేశాడు. బెల్టు విప్పించి గదిలో ఉన్న ఇసుక బస్తాకి బిగించింది. "అందరూ పక్కకి జరగండి!" అని అరిచింది. ఇద్దరూ కలిసి దాన్ని కిటికీలోంచి కిందికి తోశారు.

ధబ్బుమంది. బస్తా పగిలి మేస్త్రీ మోకాళ్లదాకా ఇసుక చిమ్మింది. తాడు మాత్రం గోడవారగా ఇంకా వదులుగానే వేలాడుతోంది.

మేస్త్రీ పంచె దులుపుకున్నాడు. "బస్తాకి బుద్ధుంటుందా? మనిషైతే కాళ్లు ముడుచుకోడూ!"

"అయితే పైకి రా అన్నయ్యా. నువ్వు ముడుచుకుని చూపించు."

"నాకసలే నడుంనొప్పి!"

"తాడు పట్టుకుంటుందిగా, నీ నడుంతో పనేముంది?"

పనివాళ్లు నవ్వు దాచుకోవడానికి గోడవైపు తిరిగారు. మొగుడు మాత్రం నవ్వలేదు. పగిలిన బస్తాని చాలాసేపు చూశాడు. "పరంజా కట్టించు బావా. కట్టాకే ఎక్కుతాను," అని క్యారేజీ విప్పుకుని కూర్చున్నాడు.

మేస్త్రీ గొణుక్కుంటూ పరంజా అద్దెకిచ్చేవాడికి ఫోన్ చేశాడు.

"గోడ ఎత్తెంత?" అన్నాడు అవతలివాడు.

"ఒక్క నిమిషం," అంటూ మేస్త్రీ, ఆ గోడని అప్పుడే మొదటిసారి చూస్తున్నవాడిలా, తల పైకెత్తాడు.