కప్పు తేని మేనేజరు

తాతబ్బాయి ఆ కాగితం పట్టుకుని మా గుమ్మంలో నిలబడేసరికి నేను చేపలు తోముతున్నాను. చేతుల నిండా పొలుసులు. లేకపోతే అక్కడికక్కడే లాక్కుని చింపేసేదాన్ని.

"దీదీ, అరవైమూడు సంతకాలయిపోయేయి. నీదొక్కటే తక్కువ," అన్నాడు.

తాతబ్బాయికి బాంబూఫ్లాట్ జెట్టీ దగ్గర కిరాణా కొట్టు ఉంది. మా హార్బర్ బ్రదర్స్ ఫుట్‌బాల్ క్లబ్బుకి కార్యదర్శి కూడా వాడే. కాగితంలో ఉన్నవి రెండే ముక్కలు. మేనేజరు శేషయ్యని తీసెయ్యాలి, పాత మేనేజరు యర్రయ్యని మళ్లీ తెచ్చుకోవాలి. ఆదివారం మీటింగు పెట్టి ఓటేస్తారట.

"ఏటి పాపం చేసేడ్రా ఆయన?" అన్నాను.

"ఏటా? ఏడేళ్లయింది, ఒక్క కప్పయినా తెచ్చేడా? చేతిలోకొచ్చిన కప్పుని కొండెక్కించీసేడు కదా! నువ్వూ చూసేవు."

చూశాను. చూడకేం? ముప్పై ఏళ్లుగా ఆ గ్రౌండు లైను పక్కన నిలబడి మగాళ్లకంటే గట్టిగా అరిచినదాన్ని. మొన్న ఫైనల్లో రెండు ఒకటితో మేమే ముందున్నాం. ఆ రెండు గోల్సూ మా ప్రవీణ్‌కుమార్ కొట్టినవే. ఇంకా పన్నెండు నిమిషాల ఆట ఉందనగా భూమి ఊగింది. గోల్‌పోస్టు అదరడం నా కళ్లతో చూశాను. రిఫరీ విజిల్ ఊదలేదు. శేషయ్య మాత్రం లైను దాటి లోపలికి పరుగెత్తి, "బాల్ వదిలీండ్రా! పైకి! అందరూ పైకి!" అని అరుస్తూ మా పిల్లల్నీ, గట్టు మీదున్న ఆడవాళ్లనీ, ముసలివాళ్లనీ వాటర్ ట్యాంకు కొండ ఎక్కించేశాడు. అవతలి జట్టు కదల్లేదు. రిఫరీ పావుగంట చూసి, గ్రౌండు వదిలిన జట్టు ఓడిపోయినట్టేనని కప్పు వాళ్ల చేతిలో పెట్టాడు. సముద్రం మాత్రం రాలేదు.

ఆ కొండ మీద శేషయ్యకి ఆయాసంతో మాట రాలేదు. వేలు చూపిస్తూ జట్టు పిల్లల్ని లెక్కపెట్టాడు. పద్దెనిమిది. మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకుని అప్పుడు కూలబడ్డాడు. ఆయనకది అలవాటు. ప్రాక్టీసుకి ముందొకసారి, అయిపోయాక ఒకసారి. పిల్లలు వెనకాల గొర్రెలకాపరి అని నవ్వుకుంటారు.

నేను పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక ఆఫీసులో అటెండర్ని. రోజూ ఫెర్రీలో వెళ్లి రావాలి. ఫైనల్ అయిన మర్నాటి నుంచీ ఆ ఫెర్రీలో ఇదే గోల. జన్మలో బంతి తన్ననివాడు కూడా పెద్ద క్లబ్బు ఎలా నడపాలో చెప్పేవాడే. పిరికి శేషయ్య అంటాడొకడు, కొండ శేషయ్య అంటాడింకొకడు. ఒడ్డునున్నవాడు ఎన్నయినా చెబుతాడు మరి.

మా క్లబ్బు గదిలో ఒక గోడ ఉంది. కప్పు తెచ్చిన మేనేజరుకే ఆ గోడ మీద ఫొటో. యర్రయ్య నాలుగు కప్పులు తెచ్చాడు కాబట్టి నడిమధ్యలో ఆయనే, పైన ప్లాస్టిక్ దండ. సునామీ తర్వాత ఆయన క్లబ్బు వదిలేసి అవతల మిన్నీ బే వెళ్లిపోయాడు. గ్రౌండు నేల కుంగిపోయింది. పోటు వస్తే ఒక మూల కార్నర్ జెండా దాకా ఉప్పునీళ్లు, ఇప్పటికీ అంతే. ఆడేందుకు పిల్లల్లేరు. అప్పుడు ఇదే తాతబ్బాయి, స్కూల్లో పీటీ మాస్టారుగా ఉన్న శేషయ్య చుట్టూ తిరిగి, "గెలవక్కర్లేదు సార్, పదకొండు మందిని దించండి చాలు, జిందగీ అంతా మీ పేరు చెప్పుకుంటాం," అన్నాడు. ఆయన రిలీఫ్ క్యాంపుల్లో డేరా డేరాకీ తిరిగి పిల్లల్ని పోగుచేశాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని ఊరికే అనలేదు పెద్దలు.

"పోరా అవతలికి!" అని మోచేత్తో కాగితం తోసేస్తుంటే చిట్టచివరి సంతకం కంటపడింది. ఇంగ్లీషు అక్షరాల్లో ప్రవీణ్‌కుమార్ అని ఉంది. నా కొడుకు.

సాయంత్రం వాడొచ్చి బూట్లు విప్పుతుంటే ఎదురుగా నిలబడ్డాను.

"సిగ్గు లేదట్రా నీకు? డేరాలో ఉన్నోణ్ణి చెయ్యట్టుకుని తీసుకెళ్లి బూట్లు తొడిగిన మనిషి కదరా!"

"అమ్మా, ఫైనల్‌కి సెలెక్టర్ సాబ్ వచ్చి కూర్చున్నాడు. నన్నే చూస్తన్నాడు. బారా మినిట్, బస్! ఆ పన్నెండు నిమిషాలు ఆడుంటే నేనీపాటికి కలకత్తా క్యాంపులో ఉండేవోడిని."

"సముద్రం వచ్చుంటే?"

"రాలేదు కదా! ఊగినప్పుడల్లా కొండెక్కుతామేటి? యర్రయ్య సార్ ఉంటే ఆట ఆపేవోడు కాదు."

నా చెయ్యి లేచింది. కాని కొట్టలేదు. వాడన్నది నిజమే మరి, యర్రయ్య ఆపడు. ఆ సంగతి ఈ ఊళ్లో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. నా పెద్దకొడుకు కన్నారావు యర్రయ్య జట్టులో లెఫ్ట్ బ్యాక్. సునామీ వచ్చిన పొద్దున ఆ గ్రౌండులోనే పోయాడు. అప్పటికి ప్రవీణ్‌కి తొమ్మిదేళ్లు. అన్న ప్రాక్టీసుకి వెళ్లి పోయాడని మాత్రం వాడికి తెలుసు. మిగతా సగం నేను ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం పొద్దున క్లబ్బు గది కిక్కిరిసిపోయింది. యర్రయ్య ఫెర్రీ దిగి వస్తే దండ వేసి, సరిగ్గా ఆయన ఫొటో కిందే కుర్చీ వేశారు. శేషయ్య మెడలో విజిల్‌తో వెనక బెంచీ మీద నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నాడు. ఆ మెతకతనం చూసి ఆయన మీదా నాకు ఒళ్లు మండింది. నాలుగు మాటలు అనొచ్చు కదా మనిషి!

తాతబ్బాయి లేచి చదివాడు. యర్రయ్య ఆరేళ్లు, నాలుగు కప్పులు. శేషయ్య ఏడేళ్లు, సున్నా.

"పెద్ద క్లబ్బుకి కప్పొక్కటే కొలత, భయ్యా. మిగతాదంతా బాతాఖానీ."

జనం చప్పట్లు కొట్టారు. నేను లేచాను.

"ఒరే తాతబ్బాయ్, ఆ లెక్కలో ఒకటి మర్చిపోయేవు. నాను చెప్తాను, రాసుకో. సునామీ వచ్చిన ఆదివారం భూమి ఊగితే పిల్లలంతా ప్రాక్టీసు వదిలీసి ఎవరిళ్లకి ఆళ్లు పరిగెట్టీసేరు. నా కన్నారావూ వచ్చీసేడు. ఈ యర్రయ్య బాబు వెనకాలే కబురెట్టేడు, ఇప్పుడే తిరిగి రానోడికి టోర్నమెంటులో జాగా లేదని. నా కొడుకు ఎల్లనన్నాడు. అమ్మా, భయమేస్తందన్నాడు. ఆణ్ణి గుమ్మం దాకా లాక్కొచ్చి తోసిందెవరు? నాను! నాలుగు కప్పులు తెచ్చినోడి మాట కాదంటే టీములో పేరు పోతాదని నానే తోసేను. కప్పుతో కొలవడం మీకొక్కళ్లకే తెలుసనుకుంటన్నారా?"

ప్రవీణ్ నా వెనకే ఎక్కడో ఉన్నాడు. తిరిగి చూస్తే మాట ఆగిపోతుందని చూడలేదు.

యర్రయ్య కుర్చీలోంచి లేచాడు. "అమ్మా రాజకుమారీ, సముద్రం అలాగ వస్తాదని ఎవరికి తెలుసు?"

"తెలీదు. నీకూ తెలీదు, నాకూ తెలీదు. అందుకే ఇన్నేళ్లూ నిన్ను పల్లెత్తు మాటనలేదు. ఇప్పుడు అందరికీ తెలుసు కదా! తెలిసేక కూడా భూమి ఊగుతుంటే బాల్ తన్నమనేవోడు మొనగాడు, పిల్లల్ని కొండెక్కించినోడు చేతకానోడు! థూ! ఆ పొద్దున ముగ్గురు పోయేరు మన పిల్లలు. ఆళ్లని ఏ గోడకి తగిలించేర్రా మీరు?"

తాతబ్బాయి తల దించుకున్నాడు. నేను గెలిచాననే అనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!

"దీదీ, నీ బాధ మాకు తెలీనిది కాదు," అన్నాడు వాడు మెల్లగా. "కాని వచ్చే సీజనుకి కప్పు కావాలి కదా. శేషయ్య గార్ని తియ్యాలన్నోళ్లు చేతులెత్తండి."

చేతులు లేచాయి. మొదట నాలుగు, తర్వాత పది, ఆ తర్వాత గదంతా చేతులే. మా పక్కింటి ఎరుకమ్మ కూడా ఎత్తింది. మోకాళ్ల నొప్పుల మనిషి, ఆ రోజు కొండ మీదికి ఆయన సగం దూరం మోసుకునే వెళ్లాడు దాన్ని. ముందు వరసల్లో జట్టు పిల్లలూ ఎత్తారు, ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుంటూ. ఆ చేతులన్నీ ఒక్కొక్కటీ విరిచెయ్యాలనిపించింది.

అప్పుడు లేచాడు శేషయ్య. ఇప్పటికైనా నోరు విప్పుతాడేమో, దులిపేస్తాడేమో అని చూశాను. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. పైకి లేచిన జట్టు పిల్లల చేతుల్ని వేలు చూపిస్తూ, పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. చివరిదాకా వచ్చి ఆగాడు. మళ్లీ మొదటినుంచీ లెక్కపెట్టాడు. ముఖం పాలిపోయింది.

"పదిహేడే ఉన్నారు," అన్నాడు కంగారుగా నావైపు తిరిగి. "అమ్మా, ప్రవీణ్ ఏడీ?"

నా వెనక, నేల మీద మోకాళ్ల మధ్య తల దూర్చుకుని కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

"ఇక్కడే ఉన్నాను సార్."

"ఉన్నావా," అని శేషయ్య ఊపిరి వదిలాడు. "అయితే పద్దెనిమిది."

మెడలోని విజిల్ తీసి, తాతబ్బాయి ముందు బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు.