తోలు చెప్పిన సాక్ష్యం

భార్య రాసిన ఉత్తరాన్ని లెమ్యూల్ గాడ్‌బీ జైలు గదిలో రెండోసారి చదివాడు.

"మే నెలలో జూరీ పెద్దల్ని పిలిచి, వాళ్ల ముందే ఆ ఎర్ర కోడెను కోయిస్తున్నాను. నువ్వు దొంగవి కావని తోలే చెబుతుంది. అప్పుడు గవర్నరుగారు క్షమించి వదిలేస్తారు. ధైర్యంగా ఉండు. ఆర్ఫా."

"మంచి కబురేనా?" అదే గదిలో ఉండే ముసలి పర్డీ అడిగాడు.

"మంచిదే మామా."

"మరి మొహం చచ్చిన చేపలా ఉందేంట్రా?"

లెమ్యూల్ ఏం చెబుతాడు? ఆ కోడె దొంగసొత్తే. పక్క ఆసామి హార్కర్ పశువుల ముద్ర రెండు నిలువు గీతలు. లెమ్యూల్ ముద్ర నాలుగు గీతల పెట్టె. కాల్చిన ఇనుముతో పైనొక గీత, కిందొక గీత వాత పెడితే చాలు, హార్కర్ కోడె లెమ్యూల్‌దైపోతుంది. బొచ్చు కప్పి ఉండగా పైకి ఎవరూ పోల్చలేరు. కానీ వలిచిన తోలును తిరగేస్తే పాత వాత వేరుగా, కొత్త వాత వేరుగా తేలిపోతాయి. పశువులతో బతికేవాళ్లందరికీ తెలిసిన సంగతే అది.

వాత పెడుతుంటే కళ్లారా చూశానని హార్కర్ పాలేరు ఈబెన్ కోర్టులో ప్రమాణం చేశాడు. సాక్షి ఉండగా తోలుతో పనేంటని అప్పుడు కోడెను కోయలేదు. లెమ్యూల్‌కు ఏడేళ్లు పడింది. ఆ చలికాలమే హార్కర్ పోయాడు. కోడెను లెమ్యూల్ దొడ్లోంచి తోలుకెళ్లడానికి ఎవరూ రాలేదు.

తను చెయ్యలేదని ఆర్ఫా తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు లెమ్యూల్. ఆమె నమ్మింది. ఆ నమ్మకమే ఇప్పుడు అతని కొంప ముంచబోతోంది.

కొయ్యొద్దని రాద్దామంటే ప్రతి ఉత్తరమూ జైలు అధికారి స్లోకమ్ చదివాకే బయటికి పోతుంది. మూడు కాగితాలు రాసి మూడూ నమిలి మింగాడు. నాలుగోదాన్లో, "కోడె చిక్కిపోయి ఉంటుంది, ఇంకో ఏడాది మేపు" అని రాశాడు.

స్లోకమ్ పగలబడి నవ్వాడు. "ఓరి పిచ్చోడా! నువ్వు బయటపడటం కన్నా గొడ్డు బలవడం ముఖ్యమా?" అని కాగితాన్ని పొయ్యిలో పడేశాడు.

మే నెల వచ్చింది, పోయింది. కబురు లేదు. గది తలుపు కిర్రుమన్నప్పుడల్లా లెమ్యూల్ లేచి నిలబడేవాడు. సెప్టెంబరులో స్లోకమ్ పిలిపించి గవర్నరు ముద్ర ఉన్న కాగితం చేతిలో పెట్టాడు.

"తోలు లోపల ఒకే వాత ఉందట. కోడె నీదేనట. పోయిరా గాడ్‌బీ, గవర్నరుగారు నిన్ను క్షమించారు."

లెమ్యూల్ కాగితాన్ని మళ్లీ చదివాడు. ఒకే వాత? ఎలా ఉంటుంది?

గేటు దాటుతుంటే కొత్త ఖైదీల బండి ఎదురొచ్చింది. కాళ్లకు గొలుసులతో మొదట దిగినవాడు ఈబెన్.

"గాడ్‌బీ!" ఈబెన్ కేకేశాడు. "అబద్ధపు సాక్ష్యమని నాకు రెండేళ్లు వేశారయ్యా. ఆ రోజు నేను నిన్ను చూశాను, నువ్వూ నన్ను చూశావు. వీళ్లకి చెప్పవయ్యా!"

"నడవరా, సత్య హరిశ్చంద్రుడా!" కాపలావాడు అతన్ని లోపలికి నెట్టాడు.

అవతల ఆర్ఫా బండి ఆపుకొని కూర్చుంది. లెమ్యూల్ దగ్గరికి వెళ్లినా దిగలేదు.

"ఆర్ఫా, ఆ తోలు..."

"కోయించే ముందు వాత దగ్గర బొచ్చు కత్తిరించి చూశాను," అంది నెమ్మదిగా. "పాత గీతలు రెండూ కనబడ్డాయి. నా తల మీద ఒట్టేశావు కదయ్యా నువ్వు!"

"మరి..."

"పెద్దలు అప్పటికే గుర్రాలెక్కి బయల్దేరారు. దాని బదులు మన దొడ్లో పుట్టిన ఇంకో ఎర్ర కోడెను కట్టేశాను. దాన్నే కోశారు."

"ఈబెన్‌ను ఇప్పుడే..."

"చూశాను. అతని మీదికి వస్తుందని అప్పుడు తోచలేదు. తెలిశాక నోరు విప్పితే నువ్వు ఏడేళ్లూ లోపలే, నీతోపాటు నేనూ." ఆమె గేటు వైపు చూసింది. "ఇప్పుడు నీ ఇష్టం. వెళ్లి చెప్పు. నేను కాదనను, పారిపోను."

గేటు ఇంకా తెరిచే ఉంది. లోపల ఈబెన్ జుట్టు గొరుగుతున్నారు. లెమ్యూల్ రెండడుగులు అటు వేశాడు. చేతిలో గవర్నరు కాగితం చెమటకు మెత్తబడింది.

కాపలావాడు తలుపు మూశాడు.

లెమ్యూల్ వెనక్కొచ్చి బండెక్కాడు. పగ్గాల కోసం చెయ్యి చాపితే ఆర్ఫా ఇవ్వలేదు. బల్ల చివరికంటా జరిగి కూర్చుని, గుర్రాలను అదిలించింది.