నాకు గ్రీజు పెట్టిన రోజు

నేను ఒక క్రేన్‌ని. రేవులో ఏడంతస్తుల మేడంత ఎత్తున నిలబడి ఉండేదాన్ని గానీ, ఎత్తిన బరువులు చెప్పమంటే సిగ్గేస్తుంది. ఒక చలిదేశపు ప్రభుత్వం మన ప్రభుత్వానికి నన్ను అప్పు మీద అమ్మింది. ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు కొబ్బరికాయ కొట్టి మీట నొక్కితే, నేను ఓసారి మూలిగి ఊరుకున్నాను. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే నేనే.

నన్ను నడిపే సన్యాసినాయుడికి మాత్రం నేనంటే ప్రాణం. నా కీళ్లకి గ్రీజు కావాలని ఏటేటా అడిగేవాడు. వచ్చే ఏడు చూద్దాం అనేవారు పైవాళ్లు.

ఇరవయ్యేళ్లకి చలిదేశం వాళ్లు బాకీ మాట్లాడుకోవడానికి దిగారు. మన తరఫున బేరమాడేందుకు ఢిల్లీ నుంచి పేరిశాస్త్రిగారొచ్చారు.

"నాయుడూ, రేపు వాళ్ల ముందు ఇది కదలకూడదు. చచ్చు సరుకని చూపించి సగం కొట్టేయిస్తాను. కదిలిందా, మొత్తం కట్టాలి."

"ఏటి బాబూ! ఇన్నాళ్లూ కదల్లేదని తిట్టినారు, ఇప్పుడు కదలకూడదంతన్నారా? మరి దీన్నేటి సేస్తారు?"

"తుక్కుకి పంపేస్తాం. నువ్వు కొత్తగా చేసేదేం లేదు, రోజూలాగే మీట లాగు, చాలు."

నాయుడి మొహం వాడిపోయింది.

కానీ మనవాళ్ల మర్యాద ఒకటుందే! పెద్దవాళ్లొస్తున్నారంటే రాళ్లకి కూడా సున్నం కొట్టాల్సిందే. ఆ ఊపులోనే నాకు పచ్చరంగు వేసి, కీళ్ల నిండా గ్రీజు కుక్కారు. ఇదేమిటయ్యా అని అడిగిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

మర్నాడు అతిథుల ఎదుట నాయుడు మీట లాగాడు. ఒట్టు, నేను కావాలని చేయలేదు! ఇనప పెట్టెని పూలబుట్టలా ఎత్తేశాను. అతిథులు చప్పట్లు కొట్టారు.

"అద్భుతం! ఇక మొత్తం కట్టేయండి," అని దుబాసీ చేత అనిపించాడు వాళ్ల పెద్ద.

శాస్త్రిగారికి కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. అయినా తేరుకుని, "అంత అద్భుతమైతే మీరే పట్టుకుపోండి, బాకీకి చెల్లు," అన్నారు.

చప్పట్లు ఆగిపోయాయి. సంతలో ముసలెద్దుని చూసినట్టు నన్ను కిందా మీదా చూశారు. టీలు పూర్తయ్యేసరికి సగానికి ఒప్పుకున్నారు. నేను పనికిరాని యంత్రాన్నని రాసి ఇద్దరూ సంతకాలు చేశారు. పెట్టె ఇంకా నా కొక్కేనికే వేలాడుతోంది. రెండు ప్రభుత్వాలు కలిసి చచ్చావంటే కాదనడానికి నేనెవర్ని?

అందరూ వెళ్లాక నాయుడు నా ఇనప కాలు పట్టుకుని ఏడ్చేశాడు. "ఒక్క డబ్బా గ్రీజు ఇస్తే సరిపోయీది గదే, తల్లీ!"

ఇప్పుడు తుక్కుకొట్లో ముక్కలుగా పడి ఉన్నాను. మిగిలిన సగానికి వాయిదాలు ఇంకా కడుతున్నారట. నా కీళ్లలో గ్రీజు ఇంకా ఆరలేదు.