బండ మీది రోళ్లు

డెబ్బై ఏళ్ల వయసులో అత్త తన సొంత నేల మీదే దారి తప్పింది.

భూముల ఆఫీసు నుంచి ఆ రోజు సర్వేయరు వచ్చాడు. కొండవారనున్న జామాయిల్ తోట ఒకప్పుడు తమ ఊరని, అడవితో పాటు ఊరినీ చదును చేశారని అత్తా, ఊరివాళ్లూ పెట్టుకున్న అర్జీ మీద విచారణ. కంపెనీ కాగితాల్లో అది ఎవరూ ఉండని బీడు.

"పాత ఊరి గుర్తు ఒక్కటైనా చూపించండి అవ్వా, రాసుకుంటాను" అన్నాడతను.

"గుర్తుకేం కొదవ? బండ మీద రోళ్లున్నాయి. మా అమ్మా, అమ్మమ్మా గింజలు దంచిన రోళ్లు" అంటూ అత్త ముందు నడిచింది.

గంటసేపు తిరిగినా బండ కనబడలేదు. ఆమె దారిని చెట్లతో గుర్తుపెట్టుకున్న మనిషి. వంగిన తునికి చెట్టు దగ్గర కుడికి తిరగాలి, వాగు చప్పుడు వినబడగానే కిందికి దిగాలి. ఇప్పుడు తునికి లేదు. వాగు ఎండిపోయింది. ఎటు చూసినా ఒకే ఎత్తు, ఒకే లావు, ఒకే వరస. సర్వేయరు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. అత్త ఓ చెట్టు మొదట్లో కూలబడి కొంగుతో మొహం కప్పుకుంది.

అది దూరం నుంచి చూసి పరుగున వచ్చింది కోడలు, మట్టి చేతులతోనే. కంపెనీ నర్సరీలో మొక్కల సంచులకు మట్టి నింపడం ఆమె పని. 'మీ అత్త గొడవలో తలదూర్చావంటే రేపట్నుంచి రావక్కర్లేదు' అని మేస్త్రీ పొద్దున్నే చెప్పాడు. అందుకే అత్తతో రానంది. రాకపోవడానికి మరో కారణమూ ఉంది.

"లే అత్తా. ఆ బండ ఎక్కడుందో నాకు తెలుసు."

"నీకెలా తెలుసే?"

కోడలు తలెత్తలేదు. "పెళ్లికి ముందు ఇక్కడ మొక్కలు నాటే పనికొచ్చాను. ఒకచోట గునపం దిగలేదు. చూస్తే బండ, దాని మీద గుంతలు. మట్టి పోసి కప్పేయమన్నారు. తట్టలకొద్దీ మోసి పోశాను. అవి రోళ్లని నువ్వు చెప్పేదాకా తెలీదు. తెలిశాక నీ మొహం చూసి చెప్పలేకపోయాను."

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత చెయ్యి చాచింది.

"ఎన్ని తట్టలు పోశావేమిటి?"

"ఏమో. పొద్దస్తమానం పోశాను."

"అయితే తియ్యడానికీ అంతే పడుతుంది. ముందు నన్ను లేపు."

కోడలు చూపించిన ముప్పై ఒకటో వరస చెట్ల చివర ఇద్దరూ మట్టి తోడడం మొదలుపెట్టారు. కాసేపు చూసి, సర్వేయరు కూడా చొక్కా చేతులు మడిచి వాళ్ల పక్కన కూర్చున్నాడు. సాయంత్రానికి పదకొండు రోళ్లు బయటపడ్డాయి. అత్త ఒకదాంట్లో మోచేతిదాకా చెయ్యి పెట్టి తడిమింది.

"ఇది మా అమ్మది. చూడు, ఈ వైపు ఎక్కువ అరిగింది. ఆవిడది ఎడమచేతి వాటం."

సర్వేయరు అది కూడా రాసుకున్నాడు.

మర్నాడే కోడలి పని పోయింది. ఏడాదిన్నరకు ఉత్తర్వు వచ్చింది: బండ నుంచి వాగుదాకా పన్నెండెకరాలు ఊరివాళ్లవి. మిగతా తోట సంగతి కోర్టులోనే ఉంది.

జామాయిల్ మొండిది. ఊరివాళ్లు కొట్టేసిన చెట్ల మొద్దుల నుంచి మళ్లీ మళ్లీ చిగురు తన్నేది. అత్తాకోడళ్లు వారం వారం వెళ్లి ఆ చిగుళ్లు గిల్లి వచ్చేవాళ్లు. రెండో వానాకాలంలో మొద్దుల మధ్య వేరే మొలక ఒకటి కోడలి కంటబడింది.

"అత్తా, ఇటు రా! ఇది మన పాత అడవిదేనా?"

అత్త కళ్లకు సరిగ్గా ఆనలేదు. ఆకు తుంచి, నలిపి, వాసన చూసి, కొరికింది. మొహం వికారంగా పెట్టింది.

"అబ్బ, విషంలా ఉంది!"

"పీకేయనా మరి?"

"చెయ్యి వేశావంటే ఊరుకోను. దీని పేరు నోట్లోనే ఆడుతోంది, ఉండు."

"నాకేం తొందర లేదులే" అని కోడలు తడి నేల మీదే చతికిలబడింది.